సీసాలో వాసన

పరీక్ష పరికరం తెర మీద గీత ఒక్కసారిగా పైకి లేచింది. మందుల కంపెనీ నుంచి వచ్చిన పరీక్షకురాలు కళ్లజోడు సవరించుకుని, "ఇందులో అసిటోన్ ఉంది" అంది.

కోడలు కంగారుపడలేదు. ఆ షెడ్డులో ఆరు నెలలుగా అసిటోన్ ద్రావకం చుక్క తగలకుండా అతిమధురం వేళ్ల సారం తీస్తున్నది ఆమే. గోరువెచ్చని నీళ్లలో వేళ్ల పొడి పోసి, చెవికి అందని ధ్వనితో కుదిపితే నలభై నిమిషాల్లో సారం నీళ్లలోకి దిగిపోతుంది. ఘాటు ఆవిరి లేదు, ఎక్కడ పారబోయాలా అని భయపెట్టే మడ్డి లేదు. మిగిలిన పిప్పి మొక్కల పాదుల్లోకి పోతుంది.

పరీక్ష నెగ్గితే, అంటే అసిటోన్ జాడ లేదని తేలితే, కంపెనీ ఏడాది పొడవునా కొంటుంది. ఓడితే సోమవారం నుంచి పాత డ్రమ్ములు తెరుస్తానని మామగారు ముందే చెప్పేశారు. ఆ డ్రమ్ముల్లో ఉన్నది అసిటోనే. నలభై ఏళ్లు ఆయన సారం తీసింది దాంతోనే.

ఆయన తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు. కోడలు తెచ్చిన ఆ కొత్త ధ్వని యంత్రానికి ఆయన పెట్టిన పేరు తేనెటీగ.

"నీ తేనెటీగ కుట్టిందమ్మాయ్."

"కుట్టింది అది కాదు మామయ్యగారూ."

నీళ్లలో లేదు, పొడిలో లేదు. ఇక మిగిలింది పరీక్షకు సారం పోసి ఇచ్చిన సీసా. బల్ల మీది ఖాళీ సీసాల్లోంచి ఆమె ఒకటి తీసింది. నిన్న సాయంత్రం తనే కడిగి బోర్లించింది. ఈ ముసురులో తెల్లారేసరికి అంత తళతళలాడుతూ ఆరే అవకాశమే లేదు. మూత తిప్పి వాసన చూసింది. మామగారి చేతికిచ్చింది.

ఆయన కూడా వాసన చూశారు. మొహం మాడిపోయింది. బయటి మనిషి ముందు ఆయన్ని నిలదీయడం ఆమెకు ఇష్టం లేదు. ఆ అవసరమూ రాలేదు.

"పొద్దున్నే చూస్తే సీసాలు తడిగా ఉన్నాయి. పెద్దమనిషి వస్తుంటే తడి సీసాలు పెడతామా? అసిటోన్ పోసి కుదిపి, వెంటనే మూత బిగించాను. ఎప్పుడూ చేసేదే" అన్నారాయన.

పరీక్షకురాలు ఆయన్నీ, సీసానీ మార్చి మార్చి చూసింది. మరోసారి పరీక్షించడానికి నిబంధనలు ఒప్పుకుంటాయనీ, అయితే ఈసారి సీసా తనదేననీ చెప్పింది. తన సంచిలోంచి కొత్త సీసా తీసి, యంత్రం తొట్టిలోంచి నేరుగా తనే నింపుకుంది.

పన్నెండు నిమిషాలు. షెడ్డులో ఎవరూ కూర్చోలేదు.

గీత చివరిదాకా చదునుగా సాగింది.

పరీక్షకురాలు సంతకం పెట్టి వెళ్లాక, మామగారు మిగిలిన సీసాలన్నీ ట్రేలో సర్దుకుని మళ్లీ కడగడానికి తీసుకెళ్లారు. తిరిగొచ్చి, సీసాలు ఆరబెట్టే ఓవెన్ ముందు నిలబడ్డారు.

"ఇందులో ఆరడానికి ఎంతసేపు?"

"రెండు గంటలు."

"రెండు గంటలా? నా పెళ్లే గంటలో అయిపోయింది" అని గొణుక్కుంటూ, మొదటి సీసాను జాగ్రత్తగా లోపల పెట్టారు.