రెండు చివర్లూ తెగిపోతాండాయి

మా ఆయన నవనీత్‌కి కొనడం రాదు. ఫోటో తీయడం బ్రహ్మాండంగా వచ్చు. హిందూపురంలో మా స్టూడియో ముందు ఎవరినైనా ఆపి అడగండి, చెప్తారు. కొనడమే రాదు. ఎర్రగడ్డల బండి దగ్గరైనా అంతే. ఒక్కో ఉల్లిపాయా తీసి, తిప్పి చూసి, పక్కన పెట్టి, చివరికి మొదట తీసిన దాన్నే సంచిలో వేసుకునే మనిషి. బండివాడికి విసుగొచ్చి పక్క వీధికి వెళ్లిపోయిన రోజులూ ఉన్నాయి.

అలాంటి మనిషి పోయిన ఏడాది బెంగళూరుకు వెళ్లి సెకండ్ హ్యాండ్‌లో ఒక మీడియం ఫార్మాట్ కెమెరా తెచ్చారు. మామూలు కెమెరా కంటే దీని లోపల ఫోటో పడే చోటు చాలా పెద్దదట. ఫోటోని గోడంత చేసినా మనిషి కనురెప్పల వెంట్రుకలు కూడా తేటగా కనపడతాయట. అంతా బాగానే ఉంది. కానీ దానికి లెన్సు లేదు, విడిగా కొనాలి. అప్పట్నుంచి ఆ కెమెరా బీరువాలో నా పట్టుచీరల పక్కన కూర్చుని ఉంది. ఏదైనా పని పడితే బెంగళూరు నుంచి అద్దెకు ఒక లెన్సు తేవడం, పని కాగానే తిరిగి ఇచ్చేయడం. ఎందుకంటే కొనాల్సింది జూమా ప్రైమా అనేది ఇంకా తేలలేదు.

"జూమ్ అయితే ఉన్నచోటనే నిలబడి మనుషుల్ని దగ్గరికి లాక్కోవచ్చు, దూరం నెట్టొచ్చు" అంటూ నేను చపాతీలు చేస్తుంటే వంటింటి గడపలో నిలబడి మొదలుపెట్టేవారు. "ప్రైమ్‌కి అట్ల కుదరదు సుచిత్రా. దానికి ఒకటే చూపు. కావాలంటే మనమే ముందుకు పోవాల, మనమే ఎనక్కి రావాల. కానీ ఆ ఒక్క చూపూ ఎంత తేటగా ఉంటాదో!"

"పాల పాకెట్టుకే స్కూటర్ తీసే మనిషి మీరు. నడిపించే లెన్సు మీకెందుకు? జూమే తీసుకోండి."

"బరువుంటాది. మెడ పడిపోతాది."

"అయితే ప్రైమ్ తీసుకోండి."

"అప్పుడు ఒకటి చాలదు. ఇంకోటి కూడా కావాల."

"అయితే కెమెరా అమ్మేసి ఆవుని కొనండి. అది పాలైనా ఇస్తాది."

ఆయనకి కోపం రాదు, అదొక్కటే బాధ. రెండు చేతుల వేళ్లతో నలుచదరంగా ఫ్రేము కట్టి, అందులోంచి నన్ను చూసి, "కదలొద్దు. నువ్వు ప్రైమ్‌లోనే బాగుంటావు" అనేవారు. ఇటు చూస్తే పెనం మీద చపాతీ మాడిపోయి ఉండేది.

సరే, నా మొగుణ్ని నేనంటాను. పొద్దున ఒక మాట, రాత్రి ఒక మాట అంటాను. నాకు హక్కుంది. కానీ మా తోడికోడలు వాసవి అనింది చూడండి, అక్కడ వచ్చింది తంటా.

వాసవి మా బావ విజయ్ కుమార్ భార్య. ధర్మవరంలో వాళ్లది పట్టుచీరల అంగడి. బావ పేరుకే గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు, అంగడి నడిపేది ఆమే. నేను ఈ ఇంట్లోకి కొత్తగా వచ్చినప్పుడు మా అత్త కోపం ఎంతసేపుంటుందో, మామ కాఫీలో చక్కెర ఎంత తక్కువ వేయాలో నాకు నేర్పింది ఆమే. రోజూ పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి ఆమెకి ఫోన్ చేసేదాన్ని. పాలు పొంగే లోపల ఆపేద్దామనుకుంటాం. ఏనాడూ ఆపలేదు, పాలు పొంగని రోజూ లేదు.

హిందూపురంలోనే ఒక పెళ్లిలో ఒకావిడ నా చీర అంచు పట్టుకుని, "యాడ తీసినావమ్మా, ఇంత బాగుండాది" అని అడిగింది. "మా అక్క అంగడిదే. ఇంట్లోవాళ్లకి మిగిలిపోయిన చీరలే కదా వచ్చేది!" అన్నాను. నవ్వులాటకి అన్నాను. ఎవరైనా నవ్వి ఊరుకుంటారు. ఆ మహాతల్లి ఊరుకోలేదు, ధర్మవరం దాకా మోసింది. అంగడి నడిపే ఇంట్లో పుట్టి, అంగడి నడిపే ఇంట్లోకి వచ్చిన దానికి, నలుగురిలో 'మిగిలిపోయిన సరుకు' అంటే ఎంత మంట పుడుతుందో నాకు తెలియక కాదు. నోరు అంత దూరం ఆలోచించలేదు.

ఆ సాయంత్రమే వాసవి ఫోన్ చేసింది.

"నా అంగట్లో మిగిలిపోయిన సరుకు ఉండాదని పెళ్లిలో చాటింపు వేసినావంట?"

"అయ్యో, తమాషాకి అక్కా..."

"మీ ఆయన ఆ లెన్సు కొనేలోగా నా అంగడి సరుకంతా అమ్ముడుపోయి మళ్లీ కొత్తది వస్తాది, చూసుకో. ఫోటో తీయడం చాతగానోడే లెన్సులు ఎంచుకుంటా కూర్చుంటాడు!"

ఫోన్ పెట్టేశాను. నాది నవ్వులాట, ఆమెది నవ్వులాట కాదు. ఇప్పటికీ అదే అంటాను. ఆమే ముందు ఫోన్ చేయాలి అనుకున్నాను. ధర్మవరంలో ఆమె కూడా అదే అనుకుని ఉంటుంది. అన్నదమ్ములిద్దరికీ ఏమీ పట్టలేదు. మా ఆయన ఎప్పట్లాగే ఆ అంగడికి వెళ్లి చీరలకి ఫోటోలు తీయడం, టీ తాగడం, లెన్సుల గురించి అక్కడ కూడా ఊదరగొట్టి రావడం.

నాకు మాత్రం పొద్దున పాలు పెట్టగానే చెయ్యి ఫోన్ మీదికి పోయేది. ఛీ, సిగ్గు లేదా అని చేతిని తిట్టుకునేదాన్ని. పాలు పొంగడం మానేశాయి. ఆ గిన్నెను చూస్తే ఏడుపొచ్చేది.

ఇంతలో మా మామ పాండురంగయ్య షష్టిపూర్తి వచ్చింది. అత్తామామలది పెనుకొండలో పాత్రల అంగడి, వెనకే ఇల్లు. హిందూపురానికీ ధర్మవరానికీ నడుమ స్టేషన్ అది, ఎవరూ తప్పించుకోవడానికి వీల్లేదు. మా అత్త భానుమతి ముందు కొడుక్కి ఫోన్ చేసి హుకుం ఇచ్చింది.

"ఏమబ్బా నవనీతూ, అంగట్లో గోడకి గోడంత ఫోటో కావాల. అందరి మొగాలూ కనపడాల. ఫోన్లో తీసి పెద్దది చేస్తే మబ్బు మబ్బుగా వస్తాది, అది నాకొద్దు."

తర్వాత ఫోన్ నాకు ఇమ్మంది.

"మీ ఇద్దరి సంగతీ నాకు తెలుసు. అటు మొగం అది, ఇటు మొగం నువ్వు పెట్టుకోని నిలబడితే, సచ్చేదాకా ఆ గోడని చూస్తా కూర్చోవాల్సింది నేను."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. ఇన్నాళ్లూ ఇది మా ఇద్దరి మధ్య సంగతి. రేపట్నుంచి గోడకెక్కుతుంది. చెంబు కొనడానికి వచ్చిన ప్రతి మనిషీ చూస్తాడు, ఒక కోడలు ఈ చివర, ఇంకో కోడలు ఆ చివర. ఆ ఫోటో పడిందంటే ఇక మేం కలవమని నాకు గట్టిగా అనిపించింది. అలాగని ముందు నేను మాట్లాడతానా? మాట్లాడను.

బయలుదేరే పొద్దున ఆ చీరే కట్టుకున్నాను, పెళ్లిలో కట్టుకున్న చీర. ఎందుకంటే పంతానికి. మా ఆయన కెమెరా బ్యాగు సర్దుతున్నారు.

"ఏ లెన్సు తెచ్చినారు అద్దెకి?"

"ప్రైమ్."

"గుంపు ఫోటోకి జూమ్ మేలని నిన్నటిదాకా అన్నారు కదా?"

"ప్రైమ్ తేటగా ఉంటాది" అని జిప్పు లాగేశారు. ఇంత తొందరగా ఎలా తేలిందబ్బా అనుకున్నాను కానీ, రైలు వేళైందని గుచ్చి అడగలేదు.

పెనుకొండలో షష్టిపూర్తి సంబరంగా జరిగింది. మామ చేత మళ్లీ తాళి కట్టించడం, అత్త సిగ్గుపడటం, అన్నీ అయ్యాయి. భోజనాల వరసలో నేనూ వాసవీ ఇద్దరమూ వడ్డించాం. నేను అన్నం, ఆమె పప్పు. ఒక్క మాట లేదు. చివర్లో నేను భోజనానికి కూర్చుంటే మామ చెల్లెలు శంకరమ్మత్తతో, "ఆమెకి మజ్జిగ కావాలేమో అడుగత్తా" అంది వాసవి. సుచీ అని పిలిచే నోటితో 'ఆమె' అంది. ఆ మజ్జిగ ముట్టుకోకుండానే లేచాను.

ఫోటోకి అంగడి వెనక పెరట్లో కుర్చీలు వేశారు. అత్తామామలు కుర్చీల్లో కూర్చున్నారు, వెనక చుట్టాలందరూ నిలబడ్డారు. నేను ఎడమ చివరకి పోయి నిలబడ్డాను, ఆమె కుడి చివరకి. మా ఆయన ఎదురుగోడ దగ్గర కెమెరా నిలబెట్టి కన్ను ఆనించారు.

"వదినా, ఆ బ్యాగు ఫ్రేములో పడుతాండాది. కొంచెం పక్కకి తీసి పెట్టవా?"

వాసవి బ్యాగు ఎత్తి, "అబ్బ, రాళ్లు మోస్తాండాడా ఏంది" అని గొణుక్కుంటూ మెట్ల కిందికి తీసుకుపోయింది. కొంచెం ఆలస్యంగానే వచ్చి మళ్లీ తన చివర్లో నిలబడింది.

మా ఆయన తల ఎత్తారు.

"రెండు చివర్లూ తెగిపోతాండాయి."

"ఎనక్కి జరుగురా" అన్నాడు బావ.

"ఎనక గోడ ఉండాది అన్నా. ఇంకా పోవాలంటే పక్కింట్లోకి పోవాల."

"ఆ జూమ్ ఏదో తెచ్చింటే అయిపోయేది కదా!" లెన్సుల సంగతి మా చుట్టాల్లో తెలియనివాళ్లు లేరు మరి.

"తేలేదన్నా. ఇది చూసేది ఇంతే. మనుషులే దగ్గరికి రావాల."

అందరూ జరిగారు. మా ఆయన కెమెరా దగ్గరికి పోవడం, చూడటం, మళ్లీ వచ్చి ఒకరిని భుజం పట్టి జరపడం, మళ్లీ పోవడం. పాల పాకెట్టుకి స్కూటర్ తీసే మనిషి ఆ పెరట్లో అన్నిసార్లు నడవడం చూసి నాకే ఆశ్చర్యమేసింది. ఎంత జరిగినా రెండు చివర్లూ తెగుతూనే ఉన్నాయి.

"ఒక పని చేయండి. అమ్మ కుర్చీ ఎనకాల నాకని పెట్టిన చోటుంది కదా, నేను ముందర కింద కూర్చుంటాలే. ఆ చివర ఉండేవాళ్లు, ఈ చివర ఉండేవాళ్లు ఆడికి రాండి."

ఎవరూ పేర్లు చెప్పలేదు. అందరూ మమ్మల్నే చూశారు. నేను కదల్లేదు. ఎండ నెత్తి మీద ఉంది, శంకరమ్మత్త కొంగుతో విసురుకుంటోంది, మా అత్త తల తిప్పకుండా, "నా ప్రాణం పోయేలోగా వస్తారా?" అంది.

వాసవి ముందు కదిలింది. విసవిసా వచ్చి అత్త వెనక నిలబడింది. ఇక నేను నిలబడితే మొండిదాన్ని నేనొక్కదాన్నే అవుతాను కాబట్టి నేనూ వెళ్లాను. ఒక మనిషి పట్టే చోటు అది. ఇద్దరం ఇరుక్కున్నాం. ఆమె గాజులు నా చేతికి ఒత్తుకుంటున్నాయి.

"ఇంకొంచెం" అన్నారు మా ఆయన.

ఇంకొంచెం జరిగాం.

"ఇంకొంచెం."

అప్పుడు వాసవి పెదవులు కదపకుండా నా చెవి పక్కన అంది, "ఏమే సుచీ, మీ ఆయన ఫోటో తీస్తాండాడా, ఇంకా లెన్సు ఎంచుకుంటాండాడా?"

మళ్లీ అదే మాట! కోపం గొంతు దాకా వచ్చింది. కానీ సుచీ అంది కదా. ఆ కోపం నోట్లోకి వచ్చేసరికి నవ్వైపోయింది.

"ఎంచుకోనీలే అక్కా. తొందరేముంది, నీ అంగట్లో సరుకు అమ్ముడుపోనీ."

ఆమె ఫక్కుమంది. నేనూ ఆపుకోలేకపోయాను. మా ఆయన పరుగున వచ్చి ముందర కూలబడి, చేతిలోని రిమోట్ నొక్కేశారు. ఆ ఫోటోలో అందరూ పరీక్ష హాల్లో కూర్చున్నట్టు బిగుసుకుని ఉంటే, నడుమ ఇద్దరు కోడళ్లు మాత్రం పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు. "గోడకి పెట్టేదే ఇది, సిగ్గు లేకుండా" అని అత్త తిట్టి, ఇంకా నాలుగు తీయించింది. మళ్లీ గోడకి అదే కావాలంది.

ఫోటోలు కాగానే వాసవి నా కొంగు పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది. చీర అంచు వేళ్లతో రుద్ది చూసింది.

"కట్టుకోని వచ్చినావే, మిగిలిపోయిన చీర!"

"నోరు జారింది అక్కా."

"అది మిగిలిపోయింది కాదే. మగ్గం మీంచి దిగినప్పుడే నీకని తీసిపెట్టినా. ఎంతమంది అడిగినా ఇయ్యలేదు. అందుకే అంత మండింది నాకు."

ఏడ్చేశాను. "పట్టు మీద కన్నీళ్లు పడితే మరక పోదు, అవతలికి జరుగు" అని నన్ను తోసి, తన కళ్లు కూడా తుడుచుకుంది.

సాయంత్రం రైల్లో హిందూపురానికి తిరిగొస్తుంటే వాసవి కట్టిచ్చిన ఓళిగలు, అవే బొబ్బట్లు, గుర్తొచ్చాయి. మా ఆయన వాటిని కెమెరా బ్యాగులోనే పెట్టారు. డబ్బా కోసం చెయ్యి పెడితే అడుగున తువ్వాలు చుట్టిన బరువైనదేదో తగిలింది. విప్పాను. జూమ్ లెన్సు. మూరెడు పొడుగుంది.

"ఏమండీ, ఏందిది?"

ఆయన కిటికీలోంచి పెనుకొండ గుట్టల్ని పుట్టి బుద్ధెరిగి చూడనట్టు చూస్తున్నారు.

"యాది? ఓ, అదా... అది కూడా వచ్చిందా?"

"కాళ్లున్నాయా దానికి, నడిచొచ్చి ఎక్కడానికి?"

ఒక ఓళిగ మొత్తం నోట్లో కుక్కుకున్నారు. ఏడాది పాటు ఏ లెన్సో తేల్చుకోలేని మనిషి! వెంటనే వాసవికి ఫోన్ చేశాను.

"అక్కా, నీ మరిది ఎంత పని చేసినాడో తెలుసా? జూమ్ బ్యాగులోనే ఉండాది!"

"తెలుసులే."

"నీకెట్ల తెలుసు?"

"బ్యాగు జరపమన్నాడు కదా, ఇంత బరువేందని తెరిచి చూసినా. పొడుగుది జూమ్, పొట్టిది ప్రైమ్ అని నా అంగట్లో కూర్చోని ఎన్నిసార్లు చెప్పలేదు?"

"అంటే ఫోటోకి ముందేనా? మరి అప్పుడే చెప్పొచ్చు కదా!"

"చెప్పింటే నువ్వు ఆ చివర్నే నిలబడిపోయింటావు, మొండిదానా" అంది. మళ్లీ తనే, "నేనూ ఈ చివర్నే నిలబడిపోయింటా" అంది.

ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

"ఏమే, ఉండావా?"

"ఉండానక్కా."

"ఇంతకీ ఏది కొంటాడంట, జూమా ప్రైమా?"

మా ఆయన వైపు చూశాను. వేళ్లతో ఫ్రేము కట్టి అందులోంచి నన్నే చూస్తున్నారు, మూతికి బెల్లం.

"కనుక్కోని చెప్తాలే" అన్నాను. "పొద్దున పాలు పెట్టి ఫోన్ చేస్తా."