మూత తీయని మిషను

దువ్వెన పెట్టానా, పెట్టాను, కళ్ళజోడు, అదింకా అక్క ముక్కు మీదే ఉంది, తువ్వాళ్ళు రెండు చాలు, మూడోది పెడితే ఆస్పత్రిలో ఎక్కువ రోజులు ఉంటుందని నేనే ఒప్పుకున్నట్టవుతుంది, ఈ సంచి జిప్పేమో సగంలో పట్టేసింది, మంచం మీద దిండ్లకు ఆనుకుని అక్క రొప్పుతూ కూడా, నన్నూ మడిచి అందులోనే పెట్టెయ్యవే, మెట్లు దిగే బాధ తప్పుతుంది అంటోంది, నవ్వబోయి దగ్గుతోంది, మాట్లాడకే తల్లీ, కింద అక్క అల్లుడు కారు హారన్ కొడుతున్నాడు, వస్తున్నాం బాబూ, గది మూలన ఆక్సిజన్ మిషను ఎర్ర దీపం పెట్టుకుని కూర్చుంది, అక్క ముక్కుకి గాలి పంపాల్సింది, నిన్నటి నుంచి కూత తప్ప ఏమీ పంపడం లేదు, ఇది పనిచేస్తే అక్క ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, మంచం మీదే ఉండేది.

కంపెనీకి ఫోన్ చేశాను, చేశాను కదా, ఆ అమ్మాయి గొంతు ఎంత మెత్తగా ఉందో, మిషను వెనకున్న నంబరు చదవండమ్మా అంది, భూతద్దం పెట్టి చదివాను, మిషను మాదేనమ్మా, కానీ మీకు అమ్మినాయన మా డీలరు కాదు, వేరే దేశానికి పంపిన సరుకు తెచ్చి అమ్ముకున్నాడు, దానికి మా వారంటీ వర్తించదు అంది, అదేమిటమ్మా, కార్డు మీద మీ ముద్ర ఉంది, రెండేళ్ళని అచ్చు వేసి ఉంది అన్నాను, బడి మొహం చూడనిదాన్ని, పొట్లాలు కట్టిన కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నదాన్ని, అచ్చులో ఉన్న మాట అబద్ధమంటే నాకు ఇప్పటికీ మింగుడుపడదు, కంపెనీతో మీకెందుకు పెద్దమ్మా, షాపు ఉన్నన్నాళ్ళూ నేను లేనూ అన్న షాపతనేమో ఇప్పుడు ఫోనే ఎత్తడు, షాపు ఉందో లేదో, పోనీ అయిన ఖర్చు ఇస్తాను, మనిషిని పంపు తల్లీ అంటే, సోమవారం వస్తాడమ్మా, ఈలోగా వెనక మూత తీసి ఫిల్టరు కడిగి చూడండి, వారం వారం కడుగుతున్నారు కదా అంది, ఆ మూత మీదే కదా షాపతను ఎర్ర కాగితం అంటించింది, తీస్తే వారంటీ చెల్లదని, అక్క దానికి కాపలా కాసింది, దుమ్ము పట్టిందే, లోపల తుడుస్తానే అని గుడ్డ పట్టుకెళ్ళిన ప్రతిసారీ నా చేతి మీద ఒక్కటిచ్చి, ముట్టుకున్నావంటే చూడు, గొంతు చించుకుని బేరమాడి తెచ్చాను అనేది, ఇందాక కత్తి మొనతో ఆ కాగితం చీల్చి మూత లాగితే దుమ్ము పరుపులా అట్టకట్టి ఉంది, అక్క చూడకుండా గుప్పిట్లో నలిపి తీసుకెళ్ళి పారేశాను, కడిగి పెట్టినా మిషను లేవలేదు, అసలు లేనే లేని వారంటీ ఎక్కడ పోతుందోనని ఇన్నాళ్ళూ అక్క ఊపిరికే అడ్డం కూర్చున్నామా.

ఎవరు గడప దాటినా ఎప్పుడొస్తావని ప్రాణం తీస్తాను, కూరలకు వెళ్ళినా సరే, నాన్న వెళ్ళినప్పుడు అడగాలని తెలియలేదు, మా ఆయనని అడిగేలోగా బస్సు కదిలింది, అందుకే సాయంత్రానికనో రేపనో అనిపించుకుంటే తప్ప నాకు స్థిమితం ఉండదు, దీనికి రాసిచ్చి వెళ్ళండర్రా, లేకపోతే వీధి చివరిదాకా వెంటపడుతుంది అని అక్క వెక్కిరిస్తుంది, అల్లుడు పైకొచ్చాడు, మెల్లగా అత్తయ్యా, నా భుజం పట్టుకోండి, అక్క గుమ్మంలో ఆగింది, వెనక్కి తిరిగింది, ఏమే, అడగవేం, ఎప్పుడొస్తావని అడుగు, సోమవారం ఆ మిషను మనిషి వచ్చేలోగా వచ్చేస్తా, వాడితో బేరం నీకు చేతకాదు, నేను తల ఊపుతున్నాను, సంచి అల్లుడి చేతికిచ్చాను, మెట్ల మీద వాళ్ళ అడుగులు, ఆగుతూ, మళ్ళీ కిందికి, ఆగుతూ, నేను అడగనిది మరిచిపోయి కాదు, ఆ మాట ఇవ్వడం అక్క చేతుల్లో లేదని నాకు తెలిసిపోయింది, అక్కకూ తెలుసు, తెలిసే ఇచ్చింది.

అక్క తిరిగి రాలేదు. ఆదివారం మధ్యాహ్నం ఆస్పత్రిలో పోయింది.