నాలుగో వైపు

ఆ కింది వాటాలో రోజూ పొద్దున ఏడున్నరకి కుక్కర్ కూత, ఎనిమిదికి కుళాయి చప్పుడు, ఎనిమిదింబావుకి ఒక దెబ్బ. టీ చల్లారిందని ఒకరోజు, సాక్సుల్లో ఒకటి కనపడలేదని ఇంకోరోజు. దెబ్బ వినపడగానే పైవాటాలోని రిటైర్డ్ లెక్చరర్ రేడియో గొంతు పెంచేవాడు. ఎదురింటి అరుగు మీద ఇస్త్రీ చేసుకునే ఆమె పెట్టెని బట్ట మీద ఇంకాస్త గట్టిగా నొక్కేది. మనుషుల హక్కుల మీద రెండు పుస్తకాలు రాసినవాడికీ, అక్షరం రాని ఆమెకీ ఈ విషయంలో తేడా ఏమీ లేదు. చెవులు మూసుకున్నవాడు ఎవరి పక్షమూ కాడంటారు. అబద్ధం. వాడు కొట్టేవాడి పక్షమే.

కొట్టేవాడు టైర్ల ఫ్యాక్టరీలో షిఫ్టు ఇన్‌చార్జి. ఒకరోజు క్యాంటీన్లో ఎవరో నవ్వుతూ, "మా బావమరిది మీ వీధిలోనే ఉంటాడు సార్. పొద్దున్నే మీ ఇంటి ప్రోగ్రాం విని వాచీ సరిచేసుకుంటాట్ట" అన్నాడు. ఆ మాట పడ్డ అవమానం కూడా అతను ఇంటికొచ్చి భార్య వీపు మీదే తీర్చుకున్నాడు. మర్నాడు తలుపు చుట్టూ రబ్బరు పట్టీలు వేయించాడు. వీధివైపు కిటికీకి లోపల రెండో అద్దం వేయమని మనిషికి కబురుపెట్టాడు. సోమవారం నుంచి పనికి పోనక్కర్లేదని ఆమెతో చెప్పాడు.

ఆమె ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. రోజులో ఎనిమిది గంటలు ఒంటి మీద చెయ్యి పడని చోటు అదొక్కటే. అద్దం పడితే కేక బయటికి పోదు. పని మానితే మనిషి బయటికి పోదు. అంతే లెక్క. చుట్టూ నాలుగు గోడలు కట్టి లోపల జరిగేదానికి సంసారమని పేరు పెట్టిన లోకంలో, ఆ గోడలకి మిగిలిన ఒక్క కంతా ఇప్పుడు మూసుకుపోతోంది.

బుధవారం అద్దాలాయన వచ్చాడు. గోడకి డ్రిల్లుతో కన్నాలు పొడిచాడు. ఫ్రేము బిగించి, పాత అద్దాన్ని లోపలివైపు మూడుసార్లు తుడిచి, మధ్య సందులో చెమ్మ పీల్చే పొట్లం ఒకటి పడేశాడు. కొత్త అద్దాన్ని నిలబెట్టి మూడు వైపులా స్క్రూలు తిప్పాడు. నాలుగో వైపు బొటనవేలు దూరేంత సందు మిగిలింది.

"ఇది బిగించేటప్పుడు ఎవరూ నోరెత్తకూడదమ్మా" అన్నాడు ఆమెతో. "అద్దాల మధ్య చిక్కిన చప్పుడు చావదు. ప్లీడరుగారింట్లో ఒక తుమ్ము ఇరుక్కుంది. దారినపోయేవాళ్ళు ఆ కిటికీకి ఇప్పటికీ 'చిరంజీవ' అంటున్నారు."

ఆమె నవ్వబోయింది. పెదవి పగిలి ఉంది, నొప్పి పుట్టింది. "ఇంట్లోవాళ్ళకి నిద్రెలా పడుతుందన్నా?"

"వాళ్ళకేం. లోపలి అద్దం మందం, అటునుంచి ఏదీ రాదు. పాతది పల్చన కదా, అంతా వీధిలోకే పోతుంది."

ఆమె కిటికీని చూసింది. స్నానాలగదిలో కుళాయి ఆగింది. భర్త తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"ఏమయ్యా, ఎంతసేపు?"

"ఒక్క వైపే సార్. కాసేపు ఎవరూ మాట్లాడకండి, చప్పుడు అద్దాల మధ్య ఇరుక్కుంటుంది."

ఆమె వెళ్ళి ఆ సందు పక్కనే గోడకి ఆనుకుని నిలబడింది.

"సోమవారం కూడా పనికి వెళ్తాను" అంది. "ఆ తర్వాతా వెళ్తాను. నీ దెబ్బలకి భయపడి మానను."

గదిలో ముగ్గురికీ తెలుసు ఏం జరుగుతుందో. మొదటి దెబ్బకి ఆమె చెంప పగిలింది. రెండోదానికి తల గోడకి కొట్టుకుంది, పచ్చికొబ్బరికాయ రాయికి తగిలినట్టు. జుట్టు ఒక చేతికి చుట్టుకుని భర్త మూడోసారి చెయ్యెత్తాడు. స్క్రూడ్రైవర్ పట్టుకుని అద్దాలాయన ముందుకొచ్చాడు. ఆమె అరచెయ్యి చాపి ఆగమంది. అద్దాలాయన ఆగాడు. ఆ ఆగినందుకు ఆ తర్వాత అతనికి చాలాకాలం అన్నం సయించలేదు.

"చంపుతానే నిన్ను" అన్నాడు భర్త. డొక్కలో తన్నాడు. ఆమె అరిచింది. ఎప్పుడూ నోట్లో చీరకొంగు కుక్కుకునే మనిషి, ఈసారి నోరు తెరిచి మొత్తం అరిచింది.

తర్వాత మోకాళ్ళ మీద లేచి, నెత్తురు మింగి, "బిగించన్నా" అంది.

అద్దాలాయన నాలుగో వైపు నొక్కి స్క్రూలు తిప్పి, అంచు వెంబడి జిగురు పట్టించాడు.

"లోపల పడిందంటావా అదంతా?" అడిగాడు భర్త.

"పడింది సార్."

అతను అద్దానికి చెవి ఆనించి విన్నాడు. ఏమీ లేదు. "మనకి వినపడకపోతే చాల్లే."

బయట అది మొదలైంది. ఆమె మాట, చెంప, గోడ, డొక్క, అరుపు. మళ్ళీ ఆమె మాట. మధ్యాహ్నం, రాత్రి, తెల్లవారుజామున. లెక్చరర్ రేడియో పెంచాడు. దాని మీదుగా వచ్చింది. దూది పెట్టుకున్నాడు. దూదిలోంచి వచ్చింది. గురువారం జనం తల దించుకుని నడిచారు. శుక్రవారం ఎవరూ అన్నం సరిగా తినలేదు. శనివారం పిల్లలు ఆడుకుంటూ ఆ అరుపుని అనుకరించడం మొదలెట్టారు. తల్లులు వాళ్ళని కొట్టబోయి, ఎత్తిన చెయ్యి దించుకున్నారు.

ఆదివారం పొద్దున లెక్చరర్ కళ్ళు ఎర్రగా చేసుకుని కిందికి దిగాడు.

"ఏం మాస్టారూ, రేడియో ఇంకాస్త పెంచకపోయారా?" అంది ఇస్త్రీ ఆమె.

"అంతకన్నా పెరగదమ్మా."

"అయితే పదండి స్టేషన్‌కి. మీకు రాయడం వచ్చు, నాకు అరవడం వచ్చు."

వాళ్ళు న్యాయం కోసం వెళ్ళలేదు, నిద్ర కోసం వెళ్ళారు. ఏళ్ళ తరబడి దెబ్బలు సాధించలేనిది నాలుగు రాత్రుల నిద్రలేమి సాధించింది. సిగ్గుపడాల్సిందే. కానీ వెళ్ళారు.

ఆమె గడప దాటకుండా బుధవారం నుంచి సెలవు పెట్టి ఇంట్లోనే కాపలా ఉన్న భర్త కుర్చీలో పేపరు చదువుకుంటున్నాడు. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో అనుకున్నాడు. తలెత్తితే కిటికీ అవతల వీధి వీధంతా నిలబడి ఉంది. నోళ్ళు కదులుతున్నాయి, మాట రావడంలేదు. ఖాకీ బట్టల్లో ఒకామె పాత అద్దానికి చెవి ఆనించి, విన్నది విన్నట్టు పుస్తకంలో రాసుకుంటోంది. నీళ్ళ పైపు సంగతేమో అనుకుని, ఏమైందన్నట్టు అతను చెయ్యి ఊపాడు. ఎవరూ తిరిగి ఊపలేదు. అద్దాలాయన కూడా ఉన్నాడు గుంపులో, నేల చూస్తూ.

"ఏమే, ఏమిటిట వీళ్ళ గోల?" అన్నాడు.

అంత నిశ్శబ్దంలో, వెనకాల ఆమె తలుపు గడియ తీసిన చప్పుడు మాత్రం అతనికి చాలా స్పష్టంగా వినిపించింది.