నల్ల స్లాటు

ఈశ్వరప్ప పెయింటు బ్రష్షుతో కంప్యూటరు బోర్డు మీది దుమ్ము దులుపుతున్నాడు. పెనుకొండ బస్టాండు వెనక సందులో ఆయన కొట్టు. మొదట రేడియోలు, తర్వాత టీవీలు, ఇప్పుడు కంప్యూటర్లు. బల్ల మాత్రం అదే. సోల్డరింగ్ కడ్డీ తగిలి కాలిన మచ్చలు బల్ల నిండా ఉన్నాయి. అలాంటివే రెండు ఆయన చూపుడు వేలి మీద కూడా ఉన్నాయి. యాభై రెండేళ్ళ మనిషి. అద్దాలు జారితే మోచేత్తో పైకి తోసుకుంటాడు, వేళ్ళకు ఎప్పుడూ మసి కాబట్టి.

ఎదురుగా స్టూలు మీద పుష్పావతి కూర్చుంది. తాలూకాఫీసు ముందర జిరాక్సు, టైపింగు సెంటరు ఆమెది. ఆమె కంప్యూటరులో బోర్డు కాలిపోయింది. ఈశ్వరప్ప మూడు కొత్త బోర్డుల పెట్టెలు వరసగా పెట్టాడు.

"ఇది చౌక. చెడిపోతే అడగనీకి దిక్కుండదు. ఆ కొసది ఖరీదు, దాంట్లో నీకు అక్కర్లేనివి కూడా ఉండాయి. ఈ నడిమిదానికి మూడేండ్లు వారంటీ. పోయిందంటే నేనే బెంగుళూరుకు తీసుకపోయి మార్చుకోనొస్తా."

ఈ మాటలు చెప్పి చెప్పి నోటికి అలవాటయ్యాయి. చెయ్యి ఎప్పుడూ నడిమి పెట్టె మీదే ఆగుతుంది.

"అదంతా సరేన్నా. నా పాత ప్రింటరు దీనికి తగులుకుంటాదా? ముందు అది చెప్పు."

"ఎందుకు తగులుకోదు? ఇంతవరకు ఎవురూ అడగలేదు నన్ను ఆ మాట."

"అడగకపోతే ఏమైతాదో చూసినాం కదా. ధర్మవరంలో మా పుట్టినింటి వీధిలో ఓబులేసన్న లేడూ? నువ్వేసిన బోర్డుకు ఆయన అట్టలు కొట్టే మిషన్ తగులుకోలేదంట. ఏడాదిగా గుడ్డ కప్పి పెట్టినారు."

బ్రష్షు ఆగింది. "నాకు చెప్పలేదే."

"ఆయన ఎవురికి చెప్తాడు? సుత్తి పట్టుకోని చేత్తోనే కొడతాండాడు. అడిగితే, ఈశ్వరప్ప మంచిదే ఇచ్చినాడు అంటాడు."

పుష్పావతి నడిమి పెట్టే తీసుకొని పోయింది. ఈశ్వరప్ప మిగిలిన రెండు పెట్టెలూ అరలో పెట్టాడు.

ఓబులేసు పట్టుచీరలకు డిజైన్లు వేసే మనిషి. అంచులో హంసలు, కొంగులో మామిడి పిందెలు కంప్యూటరులో గీస్తే, పక్కనున్న మిషన్ ఆ ప్రకారం అట్టలకు బెజ్జాలు కొడుతుంది. ఆ అట్టలు మగ్గం మీదికి పోతాయి. పోయినేడు కంప్యూటరు ఆగిపోతే గోనెసంచిలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకొని తెచ్చాడు. మిషన్ ఇంట్లోనే ఉండిపోయింది. కంప్యూటరు లోపల నల్లటి పొడుగు స్లాటులో ఒక కార్డు ఉంది. ఏదో పాత కార్డులే అని ఈశ్వరప్ప దాన్ని ఊడదీసి కవర్లో వేసి ఇచ్చేశాడు. మిషన్ తగులుకునేది ఆ కార్డుకే. కొత్త బోర్డుల్లో ఆ నల్ల స్లాటే రాదు. ఇది దేనికి అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

అంతవరకైతే పొరపాటు. పాత బోర్డు చచ్చిందని చెప్పడం పొరపాటు కాదు. మూడు కెపాసిటర్ల తలలు ఉబ్బాయనీ, అవి మారిస్తే చాలనీ ఈశ్వరప్పకు ముందే తెలుసు. అయినా, "ఇది తూకానికి కూడా పనికిరాదన్నా" అని పక్కన పెట్టేసి కొత్తది అమ్మాడు. ఓబులేసు అటు పోగానే ఆ మూడూ మార్చాడు. బోర్డు లేచి కూర్చుంది. అప్పటినుంచి అది ఈ బల్ల కిందే, ఆయన సొంత కంప్యూటరులో నడుస్తోంది.

స్క్రూలు విప్పి దాన్ని బయటికి తీశాడు. పాత పేపర్లో చుట్టుకొని మధ్యాహ్నం ధర్మవరం బస్సెక్కాడు.

ఓబులేసు ఇంట్లో ఆయన భార్య వెంకటసుబ్బమ్మ వసారాలో కూర్చొని పట్టుదారం కండెలకు చుడుతోంది.

"రాప్పా. ఆయన లేడు. పొద్దున ప్యాసింజరుకు బెంగుళూరు పోయినాడు. ఏదో అపార్టుమెంటంట, గేటు కాడ కూర్చునే పని."

ఆ రైలు పెనుకొండలో ఆగుతుంది. ఆ వేళకు తను బోర్డు దుమ్ము దులుపుతున్నాడు.

"డిజైన్లు మానేసినాడా అక్కా?"

"చేత్తో కొట్టి ఇచ్చేలోపల షావుకార్లు ఇంకో తావ చేయించుకుంటాండారు. కండ్లు కూడా ఆనవు కదా."

"మిషన్ ఒకసారి చూస్తానక్కా" అన్నాడు. లోపలికి పోయి కొత్త బోర్డు తీసి పాతది బిగించాడు. అప్పుడు ఊడదీసిన కార్డును ఓబులేసు కవర్లోనే గూట్లో జాగ్రత్తగా దాచి ఉంచాడు. అది నల్ల స్లాటులో ఇట్టే కూర్చుంది. మిషన్ మీది గుడ్డ తీసి, దాని వైరు కార్డుకు తగిలించి స్విచ్చి వేశాడు. సగంలో ఆగిన హంసల అంచు తెరమీద కనబడింది. అట్ట పెట్టగానే సూదులు టకటకమని పడ్డాయి.

వెంకటసుబ్బమ్మ కండె చేతిలో పట్టుకొనే లోపలికి వచ్చింది. "ఈ సద్దు విని ఏడాదయ్యింది. ఎన్ని తిప్పలు పడి బాగు చేసినావో నాయనా."

ఔనని తల ఊపితే సరిపోతుంది. ఈశ్వరప్ప అద్దాలు తీసి చొక్కాతో తుడిచాడు.

"తిప్పలేం పడలేదక్కా. ఆ పొద్దే అర్ధగంట పని. ఈ పాత బోర్డు చావలేదు. చచ్చిందని చెప్పి నేనే ఉంచుకుంటి."

మిషన్ ఆ అట్ట ముగించి ఆగింది.

"నేను ఎన్నితూర్లు తిట్టినానో నిన్ను" అంది ఆమె. "ఆయప్పను అనొద్దు, నాకే అడిగేది తెలీలేదు అనేవాడు మా ఆయన. ఏడాదంతా అదే మాట. ఎనిమిదికి పక్కింటికి ఫోను చేస్తాడు. ఇప్పుడు నాతో చెప్పింది ఆయనకు నువ్వే చెప్పు."

"ఏడింటికి బస్సుందక్కా."

ఎనిమిదిన్నరకు ఇంకో బస్సు ఉంది. అది ఆమెకూ తెలుసు.

"పోయిరాప్పా అయితే" అంది.

ఆయన స్క్రూడ్రైవరు సంచిలో వేసుకున్నాడు. ఆమె దేవుని గూట్లోనుంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి చాపింది. "మూడేండ్లంటివే. భద్రంగా పెట్టమంటివి. కొత్త బోర్డుతోపాటు ఇదీ తీసుకో."

ఈశ్వరప్ప చెయ్యి ముందుకు రాలేదు. కొత్త బోర్డును బల్ల మీదే వదిలి, తల వంచుకొని గడప దాటాడు. వీధి చివరిదాకా వెనక్కి తిరగలేదు.

వెంకటసుబ్బమ్మ ఆ కవరును మిషన్ మీద పెట్టి వసారాలోకి పోయింది. లోపలి వారంటీ కార్డు మడత కూడా నలగలేదు. పైన ఆయుధపూజనాడు పెట్టిన పసుపు బొట్టు ఎండి ఉంది, కింద ఈశ్వరప్ప సంతకం.