గోరుకు తగిలిన గుంట

మా వదిన స్టీరింగ్ చివరిదాకా తిప్పి, బండిని గుండ్రంగా రెండు చుట్లు తిప్పి దిగింది. "చప్పుడేం లేదు మావయ్యా. బూట్లు మారిస్తే చాలు," అంది. నాన్న తలూపాడు. నేనింకా బండి కిందకి దూరనైనా లేదు.

బూటంటే కాలికి వేసుకునేది కాదు. ముందు చక్రాన్ని తిప్పే ఇరుసు చివర ఒక జాయింటు ఉంటుంది. అందులో గ్రీజు నింపి, పైన మడతలు మడతలుగా ఉండే రబ్బరు తొడుగు వేస్తారు. అది చిరిగితే గ్రీజు బయటికి, ఇసుక లోపలికి. ఆ ఇసుకకి జాయింటు అరిగితే మలుపు తిప్పినప్పుడు టకటకమంటుంది. ఇది నేను మూడేళ్లు డిప్లొమా చదివి నేర్చుకున్నాను. వదిన మా అన్నయ్యను చేసుకున్న ఏడాదిన్నరలో నేర్చుకుంది. మా రిపేరు షెడ్డులో ఇంజినీరమ్మ అని పిలిచేది నన్ను, సలహా అడిగేది ఆమెను.

బండ్లను పైకి లేపడానికి కొత్తగా బిగించిన రెండో లిఫ్టును సోమవారం నుంచి మా ఇద్దరిలో ఒకరికి అప్పగిస్తానన్నాడు నాన్న. రాత్రి కళ్లు మూసుకుంటే నాకు ఆ లిఫ్టే కనిపిస్తోంది. దాని పక్కన వదిన కనిపిస్తోంది. అందుకే నిద్ర పట్టడం లేదు.

బండి టైలరమ్మది. ఆ పాత కారు నాకంటే రెండేళ్లు పెద్దది. చక్రం విప్పి, ఇరుసు లాగి, సుత్తితో రెండు దెబ్బలేసి ఎడమవైపు జాయింటు ఊడదీశాను. పాత గ్రీజు వేళ్ల మధ్య నలిపితే గరగరలాడింది. ఇసుక. తుడిచి, లోపలి ఉక్కు గుండ్లు దొర్లే గాడిలో గోరుతో గీశాను. ఒకచోట గోరు ఆగింది. చిన్న గుంట.

అంటే బూటు మారిస్తే చాలదు, జాయింటే మార్చాలి. అంటే వదిన చెప్పింది తప్పు.

సంతోషం ఎంత తొందరగా వస్తుందో అప్పుడే తెలిసింది. ఇప్పుడే చెబితే ఆమె "అయ్యో, అవునా" అని నవ్వేస్తుంది, అంతా ఆ నవ్వుకే మురిసిపోతారు. నెల తర్వాత బండి టకటకలాడుతూ తిరిగొస్తే? అప్పుడు మాట పోయేది ఆమెది. గుంట మీద కొత్త గ్రీజు కూరి, కొత్త బూటు తొడిగి, దాన్ని పట్టి ఉంచే క్లాంపు బిగించేశాను. కుడివైపుది శుభ్రంగానే ఉంది, దానికీ బూటు మార్చాను.

సాయంత్రం నాన్న బండి తిప్పుకొచ్చాడు. కొత్త గ్రీజు కదా, కిక్కురుమనలేదు. "చెవులంటే నా కోడలివి," అన్నాడు. "లిఫ్టు నువ్వు చూసుకో అమ్మా."

చూశారా, నెల ఆగాల్సింది నేను. లిఫ్టు మాత్రం ఆగలేదు.

టైలరమ్మ తాళాలు తీసుకుంటూ, "రేపు మా అక్కనీ పిల్లల్నీ కొండ మీదికి తీసుకెళ్తున్నా, ఇక బెంగ లేదు," అంది.

"ఆగండి," అన్నాను. "ఎడమ జాయింటులో గుంట ఉంది."

వదిన నా వైపు తిరిగింది. "గోరుకు తగిలిందా?"

"తగిలింది."

"ఎప్పుడు చూశావ్?"

"క్లాంపు వేయకముందే."

టైలరమ్మ తాళాలు బల్ల మీద పెట్టేసింది. నాన్న తిట్టలేదు, తిడితే బాగుండేది. "మరి లిఫ్టు?" అన్నాను సిగ్గు లేకుండా.

"తనది తెలియక చేసిన తప్పు. నీది తెలిసి చేసింది," అన్నాడు. "లిఫ్టు తనకే."

వదిన బండిని మళ్లీ పైకి లేపింది. నేను బిగించిన క్లాంపును కట్టరుతో తనే కోసి, జాయింటు తుడిచి నా ముందు పెట్టింది. "నా చెవికి అందలేదు. ఎక్కడో చూపించు ఇంజినీరమ్మా," అంది. వెటకారం ఉందేమోనని వెతికాను. దొరకలేదు, దాంతో ఇంకా మండింది.

ఆమె వేలు పట్టుకుని గాడిలో పెట్టాను. కళ్లు మూసుకుని ఒక్కసారి గీసి, "ఇదిగో," అంది. "దీని పక్కన ఇంకోటుంది, చూశావా?"

నేను చూడలేదు.