పన్నెండు గంటలకి వచ్చిన ఫోన్

“రోజంతా ఏసీలో నిలబడి నగలు పెట్టుకోవడం కూడా ఒక పనేనా?” అని అత్తగారు అన్నప్పుడు ఆమె గిన్నెలు తోముతోంది. చేతులకి రబ్బరు తొడుగులు, మెడ చుట్టూ తువ్వాలు. సోకు కాదు, ఉద్యోగం. ఆ ఖరీదైన నగల కంపెనీలో రోజూ తలుపులు తీసేముందు మేనేజరమ్మ అందరినీ వరసగా నిలబెట్టి గోళ్లూ చేతులూ మెడా చూస్తుంది. నూనె చిట్లి ఒక్క బొబ్బ వచ్చినా, అది మానేదాకా లోపల గదిలో పెట్టెలు సర్దుకోవాల్సిందే. ఇంట్లో మాత్రం గిన్నె తళతళలాడాలి, కూర మాడకూడదు, చెయ్యి ఏమైపోయినా ఎవరికీ పట్టదు.

కొనేవాళ్లు హారాన్ని ముందు ఆమె మెడలో చూసుకుంటారు. “నీకున్నంత చక్కటి మెడ ఈ షాపులో ఇంకెవరికీ లేదు” అని మేనేజరమ్మ ఒకసారి మెచ్చుకుంటే, ఆ మాటని మురిపెంగా ఇంటికి మోసుకొచ్చింది. “అయితే జీతం నీ మెడకన్నమాట! మిగతాదంతా తిండి దండగ” అని భర్త నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే జోకు కూడా తెలీదంటాడు.

అమ్మ ఆసుపత్రిలో చేరి అయిదు రోజులైంది. ఊపిరితిత్తుల్లో నెమ్ము. షాపు అయ్యాక రోజూ వెళ్లి రెండు గంటలు కూర్చుని వస్తోంది.

“ఏవండీ, రాత్రి అమ్మ గొంతు ఎలాగో ఉంది. ఇవాళ సెలవు పెడతాను.”

“ఎల్లుండి ఇంటికి పంపించేస్తానని డాక్టరు చెప్పాడుగా! పెద్ద పార్టీ వస్తోందని నువ్వేగా అన్నావు? మధ్యాహ్నం నేను వెళ్లి చూసొస్తాలే.”

చూసొస్తాలే అన్నందుకే ఆమె కళ్లు చెమర్చాయి. అల్పసంతోషి.

షాపులోకి అడుగుపెట్టగానే సెల్‌ఫోన్లు లాకర్లో పెట్టెయ్యాలి. పదకొండింటికి పార్టీ వచ్చింది. పెద్దాయన, భార్య, పెళ్లి కావలసిన కూతురు. ఒక హారం పెట్టడం, అద్దం ముందు అటూ ఇటూ తిరగడం, తియ్యడం, ఇంకోటి పెట్టడం. పన్నెండింటికి షాపు ఫోన్ మోగింది. మేనేజరమ్మ మెల్లగా మాట్లాడి, ఇంకో నంబరుకి చేసి, వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఎన్నడూ వెయ్యని చెయ్యి. “అమ్మాయిగారికి ఆ పచ్చల హారం కూడా చూపించమ్మా” అంది. మెప్పుదల అనుకుంది పిచ్చిది.

“కొంచెం నవ్వరూ? నవ్వితే ఎలా ఉంటుందో చూస్తాను” అంది ఆ పిల్ల.

నవ్వింది. ఒకసారి కాదు, అయిదింటిదాకా అడిగినప్పుడల్లా నవ్వుతూనే ఉంది.

లాకరు తెరిస్తే అమ్మ నంబరు నుంచి పదకొండు కాల్స్. భర్త నుంచి ఒక్కటీ లేదు. వెనకాల మేనేజరమ్మ నిలబడి ఉంది.

“మీ అమ్మగారు మూడింటికి పోయారమ్మా. సీరియస్‌గా ఉందని నర్సు పన్నెండుకే ఫోన్ చేసింది. షాపు రికార్డులో మీవారి నంబరుందని వెంటనే ఆయనకి చేశాను. ‘ఇప్పుడే చెప్పకండి, పని అయ్యాక చెప్పండి’ అన్నారు. ఇంటాయన మాట కదా అని…”

ఇంటాయన మాట షాపుకి కూడా బాగా కలిసొచ్చింది మరి.

ఆసుపత్రిలో అమ్మ చెయ్యి అప్పటికే చల్లబడిపోయింది. “చివరిదాకా తెలివిగానే ఉన్నారక్కా” అంది నర్సు. “ఆవిడే మీకు ఫోన్ చేయించుకున్నారు. తలుపు చప్పుడైనప్పుడల్లా తల తిప్పేవారు.” తను అద్దం ముందు తల తిప్పిన లెక్కన అమ్మ తలుపు వైపు ఎన్నిసార్లు తిప్పిందో!

నాలుగింటికి వచ్చాడట భర్త. వరండాలో నిలబడి ఉన్నాడు.

“నీ మంచికే చెప్పొద్దన్నాను. మధ్యలో వదిలేసి వస్తే ఉద్యోగం ఉండేదా? అయినా వచ్చి ఏం చేసేదానివి, ప్రాణం పోసేదానివా?”

“చెయ్యి పట్టుకునేదాన్ని” అంది ఆమె.



వారం తర్వాత షాపుకి వెళ్లింది. వరసలో నిలబడకముందే తన ఫైలు ఇమ్మని అడిగింది. ‘అత్యవసరమైతే ఎవరికి తెలియజేయాలి’ అన్నచోట భర్త పేరూ నంబరూ కొట్టేసింది.

“అదేమిటమ్మా! మరి ఎవరి పేరు రాస్తావు? అమ్మగారు కూడా లేరాయె” అంది మేనేజరమ్మ.

ఆమె తొందరపడకుండా, ఒక్కో అక్షరం దిద్దినట్టు రాసి, కింద సంతకం పెట్టి, ఫైలు ఆవిడ వైపు తిప్పింది.

‘ముందు నాకు చెప్పాలి. ఎదురుగా ఎవరు కూర్చుని ఉన్నా సరే.’