దఫీనా దారం

రదోస్తినా రొట్టె కోస్తుంటే మణికట్టు మీది దారం చిన్నగా లాగేది. అంటే, బాల్కనీల్లో టమాటాలు పెంచేవాళ్ళ ఫోరంలో ఎవరో నేస్తం కొత్తగా ఏదో రాసిందన్నమాట. మార్చి ఒకటికి వాళ్ళంతా ఎరుపూ తెలుపూ కలిపి పేనిన దారాలు ఒకరికొకరు పోస్టులో పంపుకుంటారు. ఎవరు రాస్తే వాళ్ళ దారం లాగుతుంది. "ఎవరే?" అనేవాడు మొగుడు, ఉప్పు అందిస్తూ.

ఎక్కువ సతాయించేది దఫీనా దారమే. దఫీనాది విదిన్ అనే దూరపు ఊరు. ముఖాముఖి ఒక్కసారీ చూసుకోలేదు గానీ, ఆకుకు పట్టిన చీడ దగ్గర్నుంచి భర్త మెతోదీ గురక దాకా అన్నీ రాసేది.

మొదట పూసిన చెట్టు కంటపడగానే దారాలు విప్పి దానికి కట్టాలి. ఏటా ముందుగా పూసేది పెరట్లో ప్లమ్ చెట్టే. దాని కొమ్మలు ఊగితే వంటింటి కిటికీలోంచే తెలిసిపోయేది. ఈసారి ఏటి ఒడ్డు పార్కులో చెట్టు ముందు పూసింది. ఆచారం తప్పకూడదని అక్కడే కట్టేసి వచ్చింది. చేతి దారమో, పెరటి కొమ్మో కదలనిదే ఫోరం తెరిచే అలవాటు ఆమెకు ఏనాడూ లేదు.

"పార్కులో నీ కొమ్మ గాలి లేకుండానే కొట్టుకుంటోంది. పూలన్నీ రాల్చేసుకుంది," అని పక్కింటి త్సోంకా చెప్పేసరికి చాలా రోజులు గడిచాయి.

ఫోన్ తీసి చూస్తే, దఫీనా ఎప్పుడో రాసింది. "ఆపరేషనంటే భయంగా ఉంది. రదోస్తినా, ఉన్నావా?" దాని కింద మళ్ళీ, "ఉన్నావా?" ఆ కింద మెతోదీ రాసిన రెండు ముక్కలు. దఫీనా ఆపరేషన్‌లోనే పోయిందట, అప్పటికే పూడ్చిపెట్టేశారట.

పార్కుకు పరిగెత్తి దఫీనా దారం విప్పి మళ్ళీ చేతికి కట్టుకుంది. కట్టిన దారం విప్పకూడదని తెలుసు. తెలిసే విప్పింది. ఎండాకాలమంతా అది కదల్లేదు. దాన్ని పట్టుకుని రదోస్తినా ఏడవని రోజు లేదు.

టమాటాలు పండే రోజుల్లో, రొట్టె కోస్తుండగా దారం లాగింది. దఫీనా పేరుతో మెతోదీ రాశాడు. "కాయలు ఎవరైనా కోసుకెళ్ళండి. రేపటికి నేను కూడా ఉండను."

కత్తి అక్కడే పడేసి బస్సెక్కింది. పొద్దు వాలుతుండగా వాళ్ళ తలుపు కొట్టింది. గడ్డం మాసిన ముసలాయన తీశాడు. ఎవరని అడగబోయి ఆమె మణికట్టు చూశాడు. ఆ దారం పేనుతున్నప్పుడు రెండో కొస పట్టుకున్నది తనే.

"ఆలస్యంగా వచ్చావమ్మా," అన్నాడు.

"అవును," అంది రదోస్తినా.

ఆయన తలుపు బార్లా తెరిచాడు. తరువాత లోపలికెళ్ళి, రెండు పళ్ళేలు కడగడం మొదలుపెట్టాడు.